జీపు వచ్చిన మూడో రోజు

రాళ్లవాగు,
హుజూర్‌నగర్ దగ్గర.
12 జూలై 1987

అమరేందర్ బావకు,

యాకూబ్ రాస్తున్నాను. చిట్యాలలో మీ ఇంటిల్లిపాదీ క్షేమమని తలుస్తాను. ఇక్కడ మన ఊళ్లో క్షేమం లేదు, అందుకే ఈ ఉత్తరం.

నేను హెల్త్ ఇన్‌స్పెక్టర్‌గా మన ఊరికే బదిలీ అయి వచ్చి ఏడాది దాటింది. చలిజ్వరాలు, విరేచనాలు చూసుకుంటే చాలనుకున్నాను. మండలం ఎన్నికలు అయినప్పటి నుంచి నా పెట్టెలో జ్వరం మాత్రలు మిగిలిపోతున్నాయి, దూదీ అయోడినూ అయిపోతున్నాయి. పదిహేను వారాల్లో ముప్పై ఒక్క మందికి కట్లు కట్టాను. అందరూ చిన్నప్పటి నుంచి నిన్నూ నన్నూ వరస పెట్టి పిలిచిన వాళ్లే. ఇప్పుడు ఆ వరసలు కూడా పార్టీని బట్టి మారుతున్నాయి.

నాకు వచ్చిన విద్య ఒక్కటే. ఊళ్లో కలరా గత్తర వస్తే వాంతులు చేసుకునే మనిషిని నీది ఏ పార్టీ అని అడగం. ఏ బావి నీళ్లు తాగావని అడుగుతాం. అందరూ ఒకే బావి పేరు చెబితే ఆ బావి తాడు తీసేసి బ్లీచింగ్ పౌడర్ వేస్తాం. దెబ్బలు తిన్నవాళ్లనూ కొట్టినవాళ్లనూ నేను అలాగే అడిగాను. గొడవకు ముందు ఏ మాట విన్నావు, ఎవరి నోట విన్నావు అని. దానికి వేరే రిజిస్టరు పెట్టాను. మా డాక్టరుగారు చూసి నవ్వారు. "యాకూబ్, లీడర్లకు టీకా ఎప్పుడు వేస్తావు?" అన్నారు. నవ్వనీ.

పదిహేను వారాల్లో తొమ్మిది కొట్లాటలు జరిగాయి. అందులో ఎనిమిది, నీ జీపు ఊళ్లోకి వచ్చిన మూడో రోజునే జరిగాయి. నువ్వు ఆదివారం వచ్చి మీ పాత ఇంటి అరుగు మీద కూర్చుంటావు. మంగళవారం నేను దూది పెట్టె తెరుస్తాను. అవతలి పార్టీవాడికి గడ్డం గీసిన మంగలి మనకు గీయొద్దని ఒక ఆదివారం చెప్పావు. వాళ్లు తాగిన గ్లాసుతో మనవాళ్లు చాయ్ తాగొద్దని ఇంకో ఆదివారం చెప్పావు. ఊరికంతా సాలమ్మ, ఆమె మొగుడు పోచయ్యల చాయ్ హోటల్ ఒక్కటే. సాలమ్మ ఏమందో తెలుసా? "పొయ్యి ఒకటే, పాలు ఒకటే. గ్లాసులు రెండు తీర్లు నేనేడ తేవాలె?" అంది. మంగళవారం ఆమె గ్లాసులన్నీ పగలగొట్టారు.

బావా, నేను అడిగేది ఒక్కటే. మూడు నెలలు ఊళ్లోకి రాకు. రోగం అంటినవాణ్ని ఊరి బయట ఉంచుతారు చూడు, అలాగే అనుకో. కోపం వచ్చినా సరే, రాకు.

నీ
యాకూబ్

*

చిట్యాల,
20 జూలై 1987

మహా వైద్యులు యాకూబ్ బావగారి దివ్య సముఖమునకు,

నీ ఉత్తరాన్ని మా లారీ ఆఫీసులో పదిమంది ముందు చదివించాను. కడుపుబ్బ నవ్వాం. ఇన్నాళ్లూ నన్ను దొంగ అన్నారు, రౌడీ అన్నారు. బావి అన్నవాడివి నువ్వొక్కడివే. నా నోట్లో ఎన్ని కిలోల బ్లీచింగ్ పౌడర్ పడుతుందో కూడా రాయాల్సింది.

నవ్వు అయిపోయింది, ఇక విను. మా నాయిన దొర గడీ ముందు నుంచి చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన ఊరు అది. ఆ రోజుల్లో ఒక్క తల పగలలేదు, ఎందుకంటే ఎవడూ తల ఎత్తలేదు. అప్పుడు నీ రిజిస్టరు ఉంటే అన్నీ తెల్లకాగితాలే. ఊరు ఆరోగ్యంగా ఉందని కింద సంతకం పెట్టి జీతం తీసుకునేవాడివి. పార్టీ వచ్చాక మనవాళ్లకు నోరు వచ్చింది. నోరున్నచోట రెండు మాటలు ఎక్కువే పడతాయి, నాలుగు దెబ్బలు కూడా పడతాయి. అది నీకు రోగం. ఇరవై ఏళ్లు సర్కారు జీతం తిన్నవాడికి అలాగే కనబడుతుంది.

అయినా నువ్వు శాస్త్రం చదివినవాడివి కదా. నా మీద చెప్పింది ఎవరు? ఎందరు? గాలిమాట పట్టుకుని నన్ను గత్తర చేస్తావా? పేర్లు పంపు. నా మాటలే కారణమని నిజంగా పదిమంది చెప్పి ఉంటే, ఆ పది ఇండ్లకూ నేనే వెళ్లి చేతులు జోడిస్తాను. పంపలేవా, నోరు మూసుకుని దోమలు పట్టుకో.

మీ అమ్మ ఖాదర్‌బీ అత్తకు నా సలాం చెప్పు. ఆమె చేతి రొట్టె తిన్నవాణ్ని కాబట్టి నీకు ఈ మాత్రం మర్యాదగా రాస్తున్నాను.

అమరేందర్

*

రాళ్లవాగు,
29 జూలై 1987

అమరేందర్‌కు,

గడీ మాట ఎత్తావు. ఆ గడీ ముందు మా నాయిన కూడా చెప్పులు విప్పాడు. గ్లాసులు వేరు పెట్టించింది ఆ గడీయే, మంగలిని ఆపించిందీ ఆ గడీయే. ఇప్పుడు ఆ రెండు పనులూ నువ్వు చేస్తూ, మనవాళ్లకు నోరు వచ్చిందంటున్నావు. నాకు నవ్వు రాలేదు.

రుజువు అడిగావు. దస్త్రం లేని మాట నేను మాట్లాడనని నీకు బడిలోనే తెలుసు. ఇదిగో, జతపరిచాను. ఇరవై మూడు మంది పేర్లు, ఎవరు ఏం చెప్పారు, ఏ తారీఖున చెప్పారు. దవాఖాన కాగితం మీదే రాసి ముద్ర వేశాను. ప్రతి పేరు పక్కనా ఇంటి నంబరు ఉంది. మలేరియా మందు కొట్టడానికి మా వాళ్లు తలుపుల పక్కన ఎర్ర గేరు రంగుతో రాసిన నంబర్లే అవి. మొదటి పేరు సాలమ్మది. ఆమె చెప్పినంత ధైర్యంగా ఇంకెవరూ చెప్పలేదు. ఇంకో సంగతి. ఇరవై మూడులో పద్నాలుగు మంది నీ పార్టీవాళ్లే. అది చదివాకైనా నీకు సిగ్గు కలుగుతుందని ఆశ.

రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. మా శాఖ అలవాటు ప్రకారం కార్బన్ నకలు నా దగ్గర ఉంచుకున్నాను.

నేను ఇది రాస్తుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "రోగం రాసుకో కొడుకా, పేర్లెందుకు రాస్తున్నవ్?" అంది. పేరు లేకపోతే నీలాంటివాళ్లు నమ్మరని చెప్పాను. ఆమె లేచి వెళ్లిపోయింది.

యాకూబ్

*

చిట్యాల,
6 ఆగస్టు 1987

ప్రియమైన బావా,

కాగితం అందింది. రెండుసార్లు చదివాను. నీ మాటే గెలిచింది. ఇంతమంది మనసులో ఇంత ఉందని నాకు నిజంగా తెలియదు.

మూడు నెలలు నా జీపు మన ఊళ్లోకి రాదు. ఇది నా మాట. అక్కడ నా పనులు చూసే ఐలేశం ఆ ఇండ్లవాళ్లతో ఒకసారి మాట్లాడతాడు, వాళ్ల మనసు కుదుటపరుస్తాడు. నీ దగ్గరికి వస్తే జర సాయం చేయి.

పాత ఉత్తరంలో నోరు జారాను. మనసులో పెట్టుకోకు. సాలమ్మకు కొత్త గ్లాసులు నేనే పంపిస్తున్నాను.

నీ బావ
అమరేందర్

*

రాళ్లవాగు,
5 అక్టోబర్ 1987

బావకు,

ఈ ఉత్తరం రాయడానికి రెండు నెలలు ఆగాను, లెక్క చెడకూడదని. ఆగస్టు ఆరు నుంచి ఈ రోజు వరకు నా రెండో రిజిస్టరులో ఒక్క పేరు కూడా ఎక్కలేదు. ఒక్కటి కూడా! నువ్వు రాలేదు, గొడవ రాలేదు. మొన్న దసరాకు రెండు పార్టీలవాళ్లూ కలిసే జమ్మికి పోయారు. తిరిగి వస్తూ రెండు వైపులవాళ్లూ నా చేతిలో ఆకు పెట్టి, కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకున్నారు. సాలమ్మ హోటల్ ముందు మంగలి ఒకే బల్ల మీద రెండు పార్టీల గడ్డాలు గీస్తున్నాడు. నువ్వు పంపిన గ్లాసుల్లోనే అందరూ చాయ్ తాగుతున్నారు.

నీ మీద కఠినంగా రాశాను. క్షమించు. బావి తనంతట తాను మూత వేసుకోవడం నేను ఇంతవరకు చూడలేదు. దీన్నంతా ఒక వ్యాసంగా రాసి జిల్లా ఆఫీసులో చదువుదామనుకుంటున్నాను. నీ పేరు ఎక్కడా పెట్టను. డాక్టరుగారు కూడా నవ్వడం మానేసి రిజిస్టరు అడిగి తీసుకున్నారు. నాకు ఇంత గర్వం ఎప్పుడూ కలగలేదు, దాచుకోవడం ఎందుకు.

ఐలేశం వచ్చాడు. మంచి మనిషి. ఇండ్ల నంబర్లు ఏ వాడ నుంచి మొదలవుతాయి, ఎటు తిరుగుతాయి అని అడిగితే నేనే వెంట తిప్పి ఊరంతా చూపించాను. ఆ ఇండ్లవాళ్లతో నెమ్మదిగా మాట్లాడతానన్నాడు. నువ్వు మాట నిలబెట్టుకుంటున్నావని సంతోషించాను.

నీ
యాకూబ్

*

రాళ్లవాగు,
18 అక్టోబర్ 1987

అమరేందర్,

నీకు ఏ వరసా రాయను.

బుధవారం హుజూర్‌నగర్‌లో వారపు అంగడి. మగవాళ్లందరూ అక్కడికి పోయారు. పట్టపగలు పదకొండు గంటలకు ఒక లారీ వచ్చింది. దిగిన ఇరవై మందిలో ఊరివాడు ఒక్కడూ లేడు. ఎవరి మొహమూ ఎవరికీ తెలియదు. వాళ్లకూ ఊరు తెలియదు. తలుపుల పక్కన గోడలు చూసుకుంటూ నడిచారట. మొదట సాలమ్మ హోటల్. కప్పుకు నిప్పు పెట్టారు. పోచయ్య పాలగిన్నె వదలకుండా అడ్డం నిలబడితే కుడిచేతి మణికట్టు మీద గడ్డపారతో కొట్టారు. నల్లగొండ తీసుకుపోయాం. ఆ చేత్తో ఇక గ్లాసు పట్టలేడు. తర్వాత ఇంకో ఎనిమిది ఇండ్లు, కొన్ని కాల్చారు, కొన్ని విరగ్గొట్టారు. పదో ఇంటికి వచ్చేసరికి అంగడి నుంచి జనం తిరిగొస్తున్నది చూసి లారీ ఎక్కారు.

నాకు రెండు రోజులు ఏమీ అర్థం కాలేదు. నీ జీపు రాలేదు కదా, రోగం ఎలా వచ్చింది అని అదే పనిగా ఆలోచించాను. ఎంత వెర్రివాణ్నో చూడు. దెబ్బతిన్న ఇండ్లు ఒక పార్టీవి కావు, రెండు పార్టీలవీ ఉన్నాయి. అన్నిటికంటే వింత గోవిందమ్మ ఇల్లు, పంతొమ్మిదో నంబరు. ఆమెకు చూపు లేదు, చెవులు కూడా సరిగా వినబడవు. ఏ పార్టీ మీటింగుకూ పోలేదు, నాతో కూడా ఏమీ చెప్పలేదు. ఆమె తలుపు విరగ్గొట్టి, ఆమెను జుట్టు పట్టి వాకిట్లోకి లాగారు. "నేనేం జేసిన కొడుకా? ఎవలకేమన్న?" అని నన్నే అడిగింది. నేను కట్టు కడుతూ ఉన్నాను.

శుక్రవారం కార్బన్ నకలు తీశాను. మూడో పేరు బాలస్వామి. అతని ఇల్లు పదహారు. నీకు పంపిన కాగితంలో నేను పొరపాటున పంతొమ్మిది అని వేశాను. ఊళ్లో ఏ గోడ మీదా, ఏ పుస్తకంలోనూ ఆ తప్పు లేదు. నా చేత్తో నీకు పంపిన ఆ ఒక్క కాగితంలోనే ఉంది. బాలస్వామి ఇంటి గడ్డిపరక కూడా కదల్లేదు. కాలిన ఇండ్లు, విరిగిన తలుపులు, తొమ్మిదికి తొమ్మిది నా పేర్ల పట్టీలో మొదటి తొమ్మిది. అదే వరసలో.

నువ్వు రాలేదు. నువ్వు రావలసిన పని లేకుండా నేనే చేశాను. పిచ్చికుక్క కరిచాక కొన్నిసార్లు రెండు నెలల దాకా ఏమీ కనబడదు. నేను ఆ రెండు నెలలు చూసి నీకు క్షమాపణ రాశాను. తూ!

మా ఇల్లు ఎవరూ ముట్టలేదు. అది కూడా ఊరంతా చూసింది.

యాకూబ్

*

చిట్యాల,
2 నవంబర్ 1987

శ్రీ యాకూబ్, హెల్త్ ఇన్‌స్పెక్టర్ గారికి,

మీ ఉత్తరం చేరింది. మీరు రాసిన లారీకీ నాకూ సంబంధం లేదు. ఆ రోజు నేను చిట్యాలలో ఒక పెండ్లిలో ఉన్నాను, వందమంది చూశారు. ఐలేశానికి కాగితం ఇచ్చింది ఆ ఇండ్లవాళ్లతో మాట్లాడమని. అతను ఎవరికి చూపించాడో నాకు తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరమూ లేదు. ఆ కాగితం ఇప్పుడు లేదు, పొయ్యిలో పోయింది.

ఒక్కమాట మాత్రం నీకు చెప్పాలి. ఆ పద్నాలుగు మంది నా వాళ్లు. వాళ్ల ఆడపిల్లల పెండ్లిళ్లకు నిలబడ్డాను, వాళ్ల కేసులకు కోర్టుల చుట్టూ తిరిగాను. వాళ్లు నా వెనక నా గురించి చెప్పినవి నీ దస్తూరీలో వరసగా చదివిన రోజు నేను అన్నం ముట్టలేదు. ఇంకో నాలుగు నెలల్లో సర్పంచి ఎన్నికలు. అటువంటి సమయంలో ఆ కాగితం నా చేతిలో పెట్టింది నువ్వు. ఏం చేస్తాననుకున్నావు? అద్దంలో చూసుకుని ఏడుస్తాననుకున్నావా?

దస్తూరీ మీది, ముద్ర మీ దవాఖానది, నంబర్లు మీ గేరువి. దవాఖాన మనిషని నమ్మి చెప్పిన మాటలను బయటికి పంపిన సర్కారు నౌకరుకు ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఊరు ఇప్పటికే మీ పేరు అంటోందని విన్నాను. పోలీసులు కేసు గుర్తుతెలియని వ్యక్తుల మీద రాసుకున్నారు. దాన్ని అలాగే ఉండనివ్వండి. మీకు జడ్చర్ల వైపు బదిలీ కాగితం వస్తుంది. తీసుకుని మర్యాదగా వెళ్లిపోండి. ఖాదర్‌బీ అత్త మొహం చూసి ఇంతటితో వదులుతున్నాను.

అమరేందర్

*

జడ్చర్ల,
10 ఫిబ్రవరి 1988

అమరేందర్,

నువ్వు చెప్పినట్టే బదిలీ కాగితం వచ్చింది, నువ్వు చెప్పినట్టే తీసుకున్నాను. భయపడ్డాను. నౌకరీ పోతుందని, పింఛను పోతుందని మూడు నెలలు నోరు మూసుకుని ఇక్కడ నీళ్ల ట్యాంకుల్లో దోమపిల్లలు చూస్తూ కూర్చున్నాను. నీ ఉత్తరం బాగా పనిచేసింది. ఆ మాత్రం గొప్ప నీకు ఇస్తాను.

అమ్మ ఇక్కడికి వచ్చింది కానీ నాతో మాట్లాడదు. అన్నం పెడుతుంది, పక్కకు తిరిగి కూర్చుంటుంది. జూలైలో నువ్వు రాసిన సలాం, రొట్టె మాట ఇప్పుడు చెప్పాను. "నా రొట్టె మీద ఒట్టు పెట్టెటోళ్ల పేరు నా ఇంట్ల తియ్యకు" అంది. ఈ మూడు నెలల్లో ఆమె నాతో అన్నది ఆ ఒక్కమాటే.

పోయిన ఆదివారం సెలవు పెట్టి హుజూర్‌నగర్ పోయాను. సాలమ్మ, పోచయ్య అక్కడ ఆమె చెల్లెలి ఇంట్లో ఉంటున్నారు. సాలమ్మ మిల్లు నుంచి బియ్యం తెచ్చి కూలికి చెరుగుతోంది. పోచయ్య ఎడమచేత్తో తినడం నేర్చుకుంటున్నాడు. నేను వాకిట్లో నిలబడ్డాను. ఊరికంతా చాయ్ పోసిన మనిషి, నన్ను కూర్చోమనలేదు. నీళ్లు కూడా ఇవ్వలేదు.

నేను తప్పు చేశానన్నాను. ఆమె చేట కింద పెట్టి నా వైపు చూసింది.

"నువ్వు దవాఖాన మనిషివని చెప్పిన. పార్టీ మనిషికైతే చెప్తుంటినా? గడ్డలు చూపిచ్చినట్టు మనసుల మాట చూపిచ్చిన. నువ్వు తీస్కపోయి ఆయన చేతుల పెట్టినవ్. గిప్పుడు మళ్ల గా సంచిల కాగితం పట్టుకొని వచ్చినవ్. మళ్ల మా పేర్లు ఎవలికి పంపుతవ్?"

కోర్టుకు పంపుతానన్నాను. జరిగింది జరిగినట్టు చెబుతానన్నాను. పోచయ్య లోపలి నుంచి "వద్దు, పోనియ్యి" అన్నాడు. సాలమ్మ ఆయన వైపు చెయ్యి ఊపి ఆపింది.

"రాస్తే మొదలు నీ పేరు రాయి," అంది చివరికి. "గా కాగితంల నీ తప్పు రాయి. గప్పుడు ఏలుముద్ర ఏస్త."

అక్కడే వాకిట్లో కింద కూర్చుని రాశాను. చదివి వినిపించాను. ఒకచోట నేను "తెలియక పంపితిని" అని రాస్తే ఆపింది. "తెల్వకనా? మీ అమ్మ చెప్పలేదా?" అంది. అమ్మ అన్నమాట ఊరంతా తెలుసట. తెలియక అన్న మాట కొట్టేసి, గర్వంతో పంపాను అని రాశాను. అప్పుడు బొటనవేలు సిరాలో ముంచింది. మర్నాడు ఊరికి పోతే బాలస్వామి, గోవిందమ్మ కూడా వేశారు. మొత్తం పదకొండు మంది, అందులో ఆరుగురు నీ పార్టీవాళ్లు. ఎవరి పేరూ వాళ్లను అడగకుండా రాయలేదు.

నా పట్టీ పొయ్యిలో పోయిందన్నావు. మంచిది. నా దగ్గర కార్బన్ నకలు ఉంది, అందులో పదహారు బదులు పంతొమ్మిది ఉంది. రిజిస్టర్డ్ పోస్టు రసీదు ఉంది. పేర్లు పంపమని నువ్వు రాసిన ఉత్తరం ఉంది, అందిందని రాసిన ఉత్తరం ఉంది, ఐలేశానికి ఇచ్చానని రాసిన ఉత్తరం ఉంది. నీకు కాగితాలు కాల్చే అలవాటు, నాకు దాచే అలవాటు. ఆ అలవాటుతోనే ఆ ఇండ్లు కూలాయి. దానితోనే ఇప్పుడు నువ్వు కోర్టుకు రావాలి.

నా నౌకరీ పోతుంది. రాజీనామా రాసే పని లేదు, వాళ్లే తీసేస్తారు. తీసేయాలి కూడా. రోగం ఎక్కడి నుంచి వచ్చింది అని నా రిజిస్టరులో ఒక గడి ఉంటుంది. ఇన్నాళ్లూ అందులో నీ పేరు ఒక్కటే ఉండేది. ఇప్పుడు రెండు పేర్లు ఉన్నాయి, నాది పైన ఉంది.

నువ్వు మన ఊరివాళ్లకు నోరు తెచ్చానన్నావు. ఆ నోటితో వాళ్లేం చెబుతారో వచ్చి విను. ఈ ఉత్తరం నీకు శనివారం అందుతుంది. సోమవారం పది గంటలకు మేం కోర్టులో ఉంటాం. లెక్క నీకు తెలిసిందే, మూడో రోజు.

యాకూబ్

ఈ ఉత్తరం నకలు కూడా కోర్టు కాగితాల్లో పెట్టాను.